వృత్తి సంఘంలో స్వచ్ఛంద సేవ: మొదటి చిన్న పని నుంచి అప్పగింత దాకా

వృత్తి సంఘంలో సభ్యత్వం ఉన్న చాలామందికి ఆ సంఘంతో అనుబంధం ఏటా చందా కట్టడంతో మొదలై అక్కడే ముగుస్తుంది. పత్రిక వస్తుంది, సదస్సుకు ఆహ్వానం వస్తుంది, బయోడేటాలో సభ్యత్వం ఒక వరుసగా చేరుతుంది. కొన్నేళ్లు గడిచాక, దీనివల్ల నాకు ఒరిగిందేమిటన్న ప్రశ్న రాక మానదు. నేను నిర్మాణ ఇంజనీరును. ఆ ప్రశ్న నాకూ వచ్చింది. పత్రికలోని వ్యాసాల ఎంపిక మొదలు సదస్సులో కుర్చీల అమరిక దాకా సంఘం నుంచి మనకు అందేవాటిలో చాలావరకు తోటి సభ్యులు ఉద్యోగం ముగించుకుని సాయంత్రాలు కూర్చుని చేసినవేనని తెలిశాక, అందుకునే వరుసలోంచి లేచి అందించే వరుసలోకి వెళ్లాలనిపించింది. వెళ్లాక వృత్తి మీద ఇష్టమూ పెరిగింది, వృత్తిలో చేయీ తిరిగింది. ఆ మార్పు పదవి వల్ల రాలేదు. ఒక చిన్న పనిని ఒప్పుకుని, దాన్ని చివరిదాకా చేసి, మరొకరికి సరిగ్గా అప్పగించడం వల్ల వచ్చింది. ఆ మూడూ ఎలా చేయాలో నాకు తెలిసినంతలో ఇక్కడ వివరిస్తాను.

ఈ సేవకు ఎంత విలువ ఉండగలదో చెప్పడానికి బాయిలర్ల చరిత్రను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1905 మార్చి 20న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బ్రాక్టన్ పట్టణంలో బూట్లు తయారుచేసే కర్మాగారంలో బాయిలర్ పేలి 58 మంది మరణించారు. బాయిలర్ రేకు ఎంత మందం ఉండాలి, అతుకులు ఎలా వేయాలి, ఒత్తిడి ఎంతకు మించకూడదు అన్నవాటికి అప్పట్లో అందరూ పాటించే ఒకే నియమం లేదు. 1911లో అమెరికన్ సొసైటీ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్ ఇందుకోసం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ తయారుచేసిన బాయిలర్ నియమావళి మొదటి కూర్పు 1914 నాటిది. నూరేళ్లు దాటినా దాన్ని సవరిస్తూ, కొత్త లోహాలకూ కొత్త యంత్రాలకూ తగ్గట్టు మారుస్తూ వస్తున్నది ఆ సంఘంలోని స్వచ్ఛంద కమిటీలే. ఇంటర్నెట్ నడిచే ప్రమాణాలను రాసే ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ కూడా 1986 నుంచి ఇదే తీరులో పనిచేస్తోంది. అక్కడ సభ్యత్వ రుసుమూ లేదు, సభ్యత్వ కార్డూ లేదు. వచ్చి పనిలో పాలుపంచుకున్నవారే దాని మనుషులు.

ఏ లోటు తీరాలో ముందు తేల్చుకోండి

సేవ చేయాలన్న కోరిక మంచిదే కానీ, ఎందుకు చేయాలనుకుంటున్నామో తేలకుండా దిగితే ఆరు నెలలకే విసుగొస్తుంది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషి మనస్ఫూర్తిగా పనిచేయడానికి మూడు అవసరాలు తీరాలని ప్రతిపాదించారు. తన పని తీరును తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఒకటి, ఈ పని నేను చేయగలనన్న సామర్థ్య భావన రెండోది, చుట్టూ ఉన్నవారితో అనుబంధం మూడోది. ఒక తెల్లకాగితం తీసుకుని, గడచిన నెల రోజుల ఉద్యోగ జీవితంలో ఈ మూడింటిలో ఏది బాగా కొరవడిందో నిజాయతీగా రాసుకోండి. ఆ కాగితమే మీకు దారి చూపుతుంది.

ఆఫీసులో ప్రతి నిర్ణయానికీ పైవారి సంతకం కోసం ఎదురుచూసే పరిస్థితి ఉంటే, మీరే మొదలుపెట్టి మీరే తీర్చిదిద్దగల పనిని వెతకండి. నెలకొక ప్రసంగం ఏర్పాటు చేయడం, సంఘం న్యూస్‌లెటర్‌లో ఒక శీర్షిక నడపడం వంటివి ఈ కోవకు వస్తాయి. చేసిందే చేస్తూ నైపుణ్యం తుప్పుపట్టిపోతోందని అనిపిస్తే, సదస్సుకు వచ్చే పత్రాలను సమీక్షించే బృందంలోనో, ప్రమాణాల ముసాయిదాలు తయారుచేసే ఉపసంఘంలోనో చేరండి. మీకు తెలియని మూలలు ఎన్ని ఉన్నాయో మొదటి నెలలోనే తెలుస్తుంది. ఒంటరిగా పనిచేసేవారికి, తమ సంస్థలో తమ వృత్తి వారు మరొకరు లేనివారికి, అన్నిటికంటే స్థానిక శాఖ మేలు. అక్కడ నలుగురు మనుషుల మధ్య కూర్చుని మన వృత్తి భాషలో మనం మాట్లాడుకోవచ్చు. కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికి మార్గదర్శకంగా ఉండే కార్యక్రమాలు కూడా ఈ లోటును బాగా తీరుస్తాయి.

కృతజ్ఞత కూడా చాలినంత కారణమే. మొదటి ఉద్యోగంలో చేయి పట్టుకుని నేర్పినవారికి ఆ రుణం నేరుగా తీర్చలేం. తర్వాత వచ్చేవారికి నేర్పి తీర్చుకుంటాం. ఇక కొత్త ఉద్యోగం దొరకాలన్న ఒక్క ఆశతోనే వస్తే మాత్రం, ఆ సంగతి తోటివారికి రెండో సమావేశానికే అర్థమవుతుంది.

అనుభవం చాలదని వెనుకంజ వేసేవారికి ఒక మాట. ప్రపంచంలోని పాత ఇంజనీర్ల సంఘాలలో ఒకటైన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్‌ను 1818 జనవరి 2న లండన్‌లోని ఒక కాఫీ హౌస్‌లో స్థాపించినవారు యువ ఇంజనీర్లు. అందులో ముందుండి నడిపిన హెన్రీ రాబిన్సన్ పామర్ అప్పటికి ఇరవైల్లోనే ఉన్నాడు. పేరుమోసిన థామస్ టెల్‌ఫోర్డ్ వచ్చి అధ్యక్ష పదవి స్వీకరించింది 1820లో, అంటే సంఘం పుట్టిన రెండేళ్ల తర్వాత. చిన్నవారు పునాది వేశారు, పెద్దాయన తర్వాత వచ్చారు.

సంఘాన్ని చదివాకే చేయి ఎత్తండి

సంఘం నిబంధనావళి, గత రెండేళ్ల వార్షిక నివేదికలు, జమాఖర్చుల పత్రం, కమిటీల జాబితా తెచ్చుకుని ఒక సాయంత్రం కూర్చుని చదవండి. సభ్యులకు ఇవి అడిగితే ఇవ్వవలసినవే. పదవీకాలం ఎన్నేళ్లు, ఒకే వ్యక్తి ఎన్నిసార్లు ఉండవచ్చు, కోరం (సమావేశం చెల్లడానికి ఉండవలసిన కనీస హాజరు) ఎంత, డబ్బు మీద సంతకం ఎవరిది అన్న నాలుగు విషయాలు నిబంధనావళిలో చూడండి. జీతం మీద పనిచేసే సిబ్బంది ఉన్నారో లేదో కూడా తెలుసుకోవాలి. సిబ్బంది ఉన్నచోట వాలంటీరు పని దిశ చూపడం, విషయ పరిజ్ఞానం అందించడం. సిబ్బంది లేనిచోట కవర్ల మీద చిరునామాలు అతికించడం కూడా వాలంటీరు పనే. రెండింటికీ వేర్వేరు మనస్తత్వం కావాలి.

తర్వాత ఏదో ఒక సమావేశానికి శ్రోతగా వెళ్లండి. అక్కడ ఒకటే గమనించండి: ఒక విషయం చర్చకు వచ్చి ముగిసినప్పుడు, ఆ పని ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు అన్నది తేలుతోందా, లేక చూద్దాం అన్న మాటతో తర్వాతి అంశానికి వెళ్లిపోతున్నారా? కొత్తవారు మాట్లాడితే వింటున్నారా, లేక పాత ముఖాలే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా? మంచి పేరున్న సంఘాల్లో కూడా ఒక కమిటీ చురుగ్గా ఉంటే పక్క కమిటీ పేరుకు మాత్రమే ఉంటుంది. కాబట్టి సంఘాన్ని కాదు, కమిటీని ఎంచుకోండి. నా అభిప్రాయంలో ఒక కమిటీ ఆరోగ్యాన్ని దాని సభ్యుల హోదాల కంటే దాని కన్వీనర్ ఉత్తరాలకు ఎన్నాళ్లకు జవాబిస్తున్నారన్నదే బాగా చెబుతుంది.

మొదటి పని చిన్నదిగా, ముగింపు ఉన్నదిగా ఉండాలి

ఇదే ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. "నేను ఏదైనా సాయం చేస్తాను" అని రాసే ఉత్తరాలు సంఘాలకు చాలా వస్తాయి, వాటిలో చాలావాటికి జవాబు రాదు. కన్వీనర్‌కు అహంకారం ఉండి కాదు. ఆ "ఏదైనా"ను ఒక పనిగా మలచడం వారికి మరో పని అవుతుంది కనుక. మీరే ఒక పనిని గుర్తించి, దాని పొడవు వెడల్పులు చెప్పి అడగండి. ఇలా రాయవచ్చు:

"నమస్కారం. నేను నాలుగేళ్లుగా మన సంఘంలో సభ్యత్వం కలిగి ఉన్నాను. గత సదస్సు వెబ్‌సైట్‌లో మూడు సెషన్ల పత్రాలు ఇంకా చేరలేదని గమనించాను. మీరు అనుమతిస్తే రచయితలకు రాసి, వాటిని సేకరించి, ఆరు వారాల్లోగా మీకు అందజేస్తాను. వారానికి రెండు గంటలు కేటాయించగలను. అనుమతితో పాటు రచయితల ఈమెయిల్ జాబితా అవసరమవుతుంది. ఈ పని ఇప్పటికే మరొకరు చేస్తూ ఉంటే వారికి సహాయంగా ఉండడానికి సిద్ధం."

ఈ ఉత్తరంలో లోటు ఎక్కడుందో ఉంది, గడువు ఉంది, ఎంత సమయం ఇవ్వగలరో ఉంది, అవతలివారు చేయవలసింది ఏమిటో ఉంది. చదివిన కన్వీనర్ సరే అన్న ఒక్క మాటతో జవాబివ్వవచ్చు. చివరి వాక్యం కూడా అవసరమే. ఎవరి పనిలోనో చొరబడుతున్నారన్న అనుమానం రాకుండా అది కాపాడుతుంది.

నా మొదటి పని ఒక సదస్సులో సమయపాలన. చేతిలో మూడు అట్టముక్కలు: ఒకదాని మీద 5, ఒకదాని మీద 2, మూడోదాని మీద 0. వక్తకు 20 నిమిషాలు. ముందు వరుసలో కూర్చుని, సమయం దగ్గరపడ్డప్పుడు ఆ అట్టలు ఎత్తి చూపాలి. ఇంతకంటే చిన్న పని ఉండదనుకున్నాను. ఆ రోజు మూడో వక్తగా మొదటిసారి వేదిక ఎక్కిన ఒక పరిశోధక విద్యార్థిని వంతెన బేరింగుల మీద మాట్లాడింది. ఆమె చేతిలోని కాగితాల వణుకు నాకు కనిపిస్తోంది. హాలంతా చూడలేక, తనకు దగ్గరగా కూర్చున్న నన్నే చూస్తూ మాట్లాడుతోందని రెండు నిమిషాల్లో అర్థమైంది. అప్పటినుంచి అట్టలు ఒళ్లో పెట్టుకుని, ఆమె చెప్పేదానికి తల ఊపుతూ విన్నాను. 5 అట్ట ఎత్తగానే ఆమె ఒకసారి ఊపిరి పీల్చుకుని, నేపథ్యానికి సంబంధించిన రెండు స్లైడ్లు వదిలేసి నేరుగా ఫలితాలకు వెళ్లింది. అసలు విషయం అక్కడే ఉంది. ప్రశ్నలన్నీ దాని మీదే వచ్చాయి. సెషన్ ముగిశాక వచ్చి, ఆ అట్ట చూపకపోతే ఫలితాల దాకా వచ్చేదాన్ని కాదని చెప్పింది. బేరింగుల మీద అనుమానం వస్తే ఈ రోజుకీ నేను రాసేది ఆమెకే.

మొదటి పనిగా దీర్ఘకాలిక పదవిని మాత్రం ఒప్పుకోకండి. ఖాళీగా ఉన్న కార్యదర్శి స్థానంలోకి కొత్తవారిని మొహమాటపెట్టి కూర్చోబెట్టడం అనేక సంఘాల్లో జరుగుతుంది. "ముందు ఈ సదస్సు పని ముగించి, మీ పద్ధతులు తెలుసుకుని, వచ్చే ఏడాది ఆలోచిస్తాను" అని మర్యాదగా చెప్పడంలో తప్పు లేదు.

మినిట్స్ రాయడం నేర్చుకోండి

రెండో పనిగా నేను ఎవరికైనా సిఫారసు చేసేది సమావేశపు మినిట్స్, అంటే అక్కడ తేలిన నిర్ణయాల నమోదు, రాయడం. దీన్ని గుమస్తా పనిగా చూసేవారున్నారు, నేను అంగీకరించను. మినిట్స్ రాసేవారు మాత్రమే సమావేశంలో ప్రతి మాటా వినవలసి ఉంటుంది, తేలని విషయాన్ని "అయితే ఏమని రాసుకోమంటారు?" అని అడిగి తేల్చే హక్కు కూడా వారికే ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్న అరగంట నుంచి గుండ్రంగా తిరుగుతున్న చర్చను ఎన్నోసార్లు గట్టెక్కించడం చూశాను.

తేడా ఎక్కడుంటుందో చూడండి. సాధారణంగా రాసే తీరు ఇది: "శిక్షణ కార్యక్రమం గురించి సుదీర్ఘంగా చర్చించడమైనది. తగు చర్యలు తీసుకోవాలని తీర్మానించడమైనది." నెల తర్వాత దీన్ని చదివినవారికి ఏమీ తెలియదు. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: "శిక్షణ కార్యక్రమం మార్చి రెండో శనివారం జరపాలని నిర్ణయం. వక్తలతో మాట్లాడే బాధ్యత శిక్షణ ఉపసంఘం కన్వీనర్‌ది; గడువు ఫిబ్రవరి 10. హాలు ఖర్చు మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కోశాధికారి వచ్చే సమావేశానికి మూడు కొటేషన్లు తెస్తారు." నిర్ణయం, మనిషి, తేదీ, తేలని అంశం. సమావేశం ముగిసిన రెండు రోజుల్లోగా ఇది అందరికీ చేరితే సగం పనులు అప్పటికే కదులుతాయి. ఎవరు ఎవరిని ఏమన్నారో రాయనవసరం లేదు. కోపంలో అన్న మాటలు కాగితమెక్కితే తర్వాత చల్లారిన మనసులు కూడా వాటిని చదివి మళ్లీ మండుతాయి.

ఈ అలవాటు నా ఉద్యోగాన్ని ఎంత మార్చిందో మాటల్లో చెప్పడం కష్టం. సైటులో కాంట్రాక్టరుతో జరిగే సమావేశాల్లో కూడా అదే తీరులో రాయడం మొదలుపెట్టాక, మీరు చెప్పలేదు, మేము వినలేదు అన్న వాదనలు దాదాపుగా ఆగిపోయాయి.

సమయం, ఉద్యోగం, ఇల్లు

వారానికి మూడు గంటలు అంటే వినడానికి చాలా తక్కువగా ఉంటుంది. ఏడాదికి లెక్కిస్తే 156 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున దాదాపు 20 పనిదినాలు. ఈ లెక్క వేసుకుని, ఆ 20 రోజులు ఎక్కడినుంచి తెస్తారో ఇంట్లోవారితో కూర్చుని మాట్లాడాకే మాట ఇవ్వండి. సాయంత్రపు సమావేశం ఉన్న రోజుల్లో ఇంటి పని ఎవరి మీద పడుతుందో వారి అంగీకారం లేకుండా చేసే సేవలో తృప్తి మిగలదు.

ఉద్యోగం ఇచ్చిన సంస్థకు కూడా ముందే చెప్పడం మంచిది. సెలవు ఎప్పుడు కావలసివస్తుంది, ఆఫీసు కంప్యూటర్ గానీ సమయం గానీ వాడవలసివస్తుందా, అక్కడ నేర్చుకున్నది ఇక్కడ దేనికి పనికొస్తుంది అన్నవి ఒక పేజీలో రాసి పైఅధికారికి ఇవ్వండి. సదస్సునుంచి వచ్చాక బృందానికి అరగంట సేపు అక్కడి విశేషాలు చెబుతానని మీరే ప్రతిపాదిస్తే, రెండోసారి అనుమతి అడగడం తేలికవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. వృత్తి సంఘంలో ఒకరికొకరు పోటీగా ఉన్న సంస్థలవారు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ధరలు, టెండర్లు, ఖాతాదారులు, జీతాల గురించి అక్కడ మాట వచ్చిన క్షణంలో ఆపమని చెప్పండి. ఆపకపోతే లేచి బయటికి రండి, లేచి వచ్చినట్టు మినిట్స్‌లో రాయించండి. ఇది అతిజాగ్రత్త కాదు. పైన చెప్పిన బాయిలర్ నియమావళి విషయంలోనే, బాయిలర్‌లో నీటిమట్టం తగ్గితే ఇంధనాన్ని ఆపే పరికరాల మార్కెట్టులో పేరున్న ఒక కంపెనీ ఉద్యోగి అదే అంశంపై ఉన్న ఉపసంఘంలో ఉపాధ్యక్షుడిగా ఉండేవారు. హైడ్రోలెవెల్ అనే కొత్త కంపెనీ పరికరం నియమాలకు విరుద్ధమన్న అర్థం వచ్చేలా 1971లో సంఘం లెటర్‌హెడ్ మీద ఒక జవాబు వెలువడింది. దాన్ని తయారుచేయడంలో ఆయన చేయి ఉంది. ఆ ఉత్తరాన్ని ఆయన కంపెనీ తన అమ్మకాలకు వాడుకుంది. పోటీని అడ్డుకున్నారంటూ హైడ్రోలెవెల్ వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, స్వచ్ఛంద సేవకుల చర్యకు కూడా సంఘమే బాధ్యత వహించాలని 1982లో తీర్పు వచ్చింది. సంఘం పేరుతో మనం రాసే ప్రతి ఉత్తరానికీ ఆ సంఘపు పరువు పూచీగా ఉంటుంది. మీ సంస్థకు లాభం గానీ నష్టం గానీ కలిగించే అంశం చర్చకు వస్తే, ఆ సంగతి ముందుగా ప్రకటించి, ఓటింగు నుంచి తప్పుకోండి.

వృత్తిలో కలిగే మేలు ఏ దారిన వస్తుంది

పరిచయాలు పెరుగుతాయని అందరూ అంటారు. ఆ పరిచయాలు ఎలా పనిచేస్తాయన్నది మాత్రం చాలామందికి తెలియదు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవారి ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించిన వృత్తి నిపుణులను ఆ తెలిసినవారిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచూ కలిసేవారి ద్వారా ఉద్యోగం వచ్చినవారు దాదాపు 17 శాతమే. అప్పుడప్పుడు కలిసేవారి ద్వారా దాదాపు 56 శాతం మందికి, అరుదుగా కలిసేవారి ద్వారా దాదాపు 28 శాతం మందికి వచ్చింది. కారణం ఆలోచిస్తే తేటగానే ఉంటుంది: రోజూ కలిసే స్నేహితుడికి తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు కలిసే కమిటీ సభ్యుడు మనం ఎన్నడూ వినని కబురు తెస్తాడు. పైగా ఆ సభ్యుడు మీ గురించి చెప్పగలిగేది పరిచయం ఉందన్న మాట ఒక్కటే కాదు, చెప్పిన తేదీకి పని ముగించడం కళ్లారా చూశానన్న మాట కూడా.

పరిచయాల కంటే గొప్ప మేలు మరొకటుంది. ఆఫీసులో మన మాట వినడానికి జీతం, హోదా, వార్షిక మదింపు అన్నీ తోడుంటాయి. సంఘంలో ఎవరూ ఎవరికీ పైవారు కారు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న సమీక్షకుడిని గడువు దాటిందని గుర్తుచేయాలి, ఆయన నొచ్చుకోకూడదు, పనీ ఆగకూడదు. అలాంటి ఉత్తరం పది సార్లు రాసినవారికి బృందాన్ని నడపడం గురించి వేరే పాఠం అక్కర్లేదు. నేను కనుగొన్నది ఒకటే: "ఎప్పుడు పంపుతారు?" అనే బదులు "ఇంకా చదవవలసినవి మీ దగ్గర ఎన్ని ఉన్నాయి, కొన్ని వేరేవారికి మార్చమంటారా?" అని రాస్తే జవాబు ఆ రోజే వస్తుంది.

బయోడేటాలో ఈ సేవను రాసేటప్పుడు పదవి పేరుతో ఆపకండి. సాంకేతిక కమిటీ సభ్యత్వం అని రాస్తే చదివేవారికి ఏమీ అర్థం కాదు. ఎన్ని పత్రాలు సమీక్షించారు, ఎంతమందిని సమన్వయపరిచారు, మీరు వచ్చాక ఏది మారింది అన్నది రాయండి. ఇందుకోసం చేసిన పనిని చేసిన వారమే ఒక పుస్తకంలో రెండు వాక్యాలుగా రాసుకునే అలవాటు చేసుకోండి. ఏడాది తర్వాత గుర్తుండదు.

నిరుత్సాహం వచ్చినప్పుడు

వస్తుంది. మీ సూచనను మొదట తోసిపుచ్చి, ఆరు నెలల తర్వాత మరొకరి నోట అదే మాట వస్తే చప్పట్లు కొడతారు. వందన సమర్పణలో మీ పేరు మరచిపోతారు. ఒక ముఠా చేతిలో సంఘం ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వీటిలో మొదటి రెండూ భరించదగినవే. మూడోదానికి ఒక కొలత పెట్టుకోండి: ఎన్నికలు నిబంధనావళి ప్రకారం జరుగుతున్నాయా, జమాఖర్చులు సర్వసభ్య సమావేశం ముందుకు వస్తున్నాయా? ఈ రెండూ సక్రమంగా ఉంటే ఓపిక పట్టి లోపలినుంచి మార్చవచ్చు. రెండూ లేకపోతే ఒకసారి లిఖితపూర్వకంగా అడిగి, జవాబు రాకపోతే మరో సంఘానికి మీ సమయాన్ని ఇవ్వండి.

మన వల్లే వచ్చే నిరుత్సాహం వేరు. మూడో ఏడాదిలో నేను ఒకేసారి మూడు బాధ్యతలు ఒప్పుకున్నాను: సమీక్షలు, శాఖ కార్యక్రమాలు, విద్యార్థుల పోటీ. మూడింటినీ మోయలేకపోయాను. ఒక యువ రచయిత పత్రం నా దగ్గర గడువు దాటి మూడు వారాలు ఉండిపోయింది. అతను ఆ ఏడాది సదస్సు అవకాశాన్ని కోల్పోయాడు. అతని నుంచి వచ్చిన ఉత్తరంలో కోపం లేదు, వచ్చే ఏడాదికి ఏవైనా సవరణలు సూచించగలరా అని మాత్రమే ఉంది. ఆ ఉత్తరం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు అతనికి క్షమాపణతో పాటు పూర్తి సమీక్ష పంపి, రెండు బాధ్యతల నుంచి తప్పుకుంటున్నట్టు అధ్యక్షులకు రాశాను. అప్పటినుంచి ఒకటే నియమం పాటిస్తున్నాను: కొత్త పని చేతికి వచ్చిందంటే పాత పని ఒకటి చేతి నుంచి వెళ్లి ఉండాలి. సమావేశం తేదీ దగ్గరపడుతుంటే కడుపులో బరువుగా అనిపించడం, ఈమెయిల్ చూడకుండా వాయిదా వేయడం, ఇంట్లోవారి మీద విసుక్కోవడం కనిపిస్తే, ఆ వారమే ఒక పని తగ్గించుకోండి. జీతం లేని పనిలో మాట తప్పితే అడిగేవారుండరు. నష్టపోయేవారు మాత్రం ఉంటారు.

అప్పగించడం

ఒక బాధ్యతలో రెండు మూడేళ్లు చాలు. ఎక్కువకాలం ఉంటే పని మన పేరుతో కలిసిపోతుంది, కొత్తవారు దగ్గరికి రావడం మానేస్తారు. నేను ఒక బాధ్యత స్వీకరించినప్పుడు నాకు దక్కినవి ఒక పాత పెన్ డ్రైవ్, ఒక ఫోన్ నంబరు. అందులో సగం ఫైళ్లు తెరుచుకోలేదు. మొదటి నాలుగు నెలలు, అంతకుముందు వారు ఏమి చేశారో కనుక్కోవడానికే సరిపోయాయి. ఆ ఇబ్బంది మరొకరికి రాకూడదని, చేరిన నెలనుంచే అప్పగింత ఫైలు మొదలుపెట్టాను.

అందులో ఏముండాలంటే, ఏడాది పొడవునా ఏ నెలలో ఏ పని మొదలుకావాలో చూపే క్యాలెండర్ మొదటి పేజీలో ఉండాలి. ఖాతాలు, పాస్‌వర్డులు, డొమైన్ పేర్లు సంఘం ఈమెయిల్ మీద ఉండాలి, వ్యక్తుల సొంత ఈమెయిల్ మీద కాదు. ఈ ఒక్క పొరపాటు వల్ల వెబ్‌సైట్లు చేజారిన సంఘాలను నేను చూశాను. పంపిన ఉత్తరాల నమూనాలు, కిందటేడాది ఖర్చుల పట్టిక, ఎవరికి ఏ మాట ఇచ్చామో ఆ జాబితా తర్వాత వస్తాయి. చివరన, చేసి విఫలమైన ప్రయత్నాలకు ఒక పేజీ తప్పక కేటాయించండి. ఏది ఎందుకు పనిచేయలేదో రాయడానికి మనసు ఒప్పదు, కానీ కొత్తవారికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఆ పేజీయే.

మీ తర్వాత వచ్చేవారిని కనీసం ఆరు నెలల ముందే పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి రెండు సమావేశాలు మీరు నడపండి, వారు చూస్తారు. తర్వాతి రెండూ వారు నడుపుతారు, మీరు పక్కన ఉంటారు. ఆ తర్వాత వెళ్లకండి. ఫోన్ చేస్తే చెప్పండి, చేయకపోతే మౌనంగా ఉండండి. నేను తప్పుకున్న ఏడాదికి నా ఫైలును మళ్లీ చూసే అవకాశం వచ్చింది. నేను ఎంతో శ్రద్ధగా రాసిన క్యాలెండర్‌ను తీసేసి, కొత్త కన్వీనర్ తనదైన పట్టిక పెట్టుకున్నారు. అది నాదానికంటే తేటగా ఉంది. విఫల ప్రయత్నాల పేజీ మాత్రం అలాగే ఉంచి, దాని కింద తన చేతిరాతతో మరో మూడు చేర్చారు.